సోఫా చూసి వెళ్ళిపోయినవాళ్ళని మీ సైటుకి మళ్ళీ రప్పించడం ఎలా

సోఫాని చూసిన రోజే కొనేవాళ్ళు చాలా అరుదు. రాత్రి పడుకునే ముందు ఫోన్లో చూస్తారు, బాగుందనుకుంటారు, పొద్దున లేచి ఇంట్లోవాళ్ళకి చూపిస్తారు, వాళ్ళు "ఈ రంగా?" అంటారు, మళ్ళీ వెతుకులాట మొదలు, మధ్యలో కొలుద్దామంటే టేపు దొరకదు, అది దొరికేసరికి వారం గడిచిపోతుంది, ఈలోగా ఇంకో నాలుగు సైట్లు, రెండు షోరూములు తిరిగేసి ఉంటారు. ఇలా సాగి సాగి మూడు వారాలకో, రెండు నెలలకో ఒకరోజు కొంటారు. ఆ రోజున వాళ్ళ ఫోన్లో ఎవరి సైటు తెరిచి ఉంటుందన్నదే ఆన్‌లైన్ ఫర్నిచర్ వ్యాపారంలో అసలు పందెం.

మనం మాత్రం మనిషి వచ్చిన 10 సెకన్లకే టెన్షన్ పడిపోయి, తగ్గింపు కూపన్ అంటూ ఒక పెట్టె తీసుకెళ్ళి మొహమ్మీద పడేస్తాం. ఆయన ఇంకా హాలు కొలవనే లేదు, కూపన్ ఏం చేసుకుంటాడు? ఇది తిట్టడానికి చెప్పడం లేదు, కొన్నేళ్ళు ఒక చిన్న ఫర్నిచర్ సైటు పనులు చూసినవాణ్ణి, అలాంటి పెట్టెలు నేనూ పెట్టినవాణ్ణే. కూపన్ తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఎలాగూ కొనేవాళ్ళేనని, మిగతావాళ్ళు ఆ పెట్టెని మూసే గుర్తు ఎక్కడుందో వెతుక్కుని విసుక్కునేవాళ్ళని తర్వాత అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది. మనిషి మళ్ళీ రావాలంటే ఆయన పని సగం మన దగ్గర ఉండిపోవాలి. గది కొలతలు కావచ్చు, దాచుకున్న లిస్టు కావచ్చు, తెప్పించుకున్న గుడ్డ ముక్క కావచ్చు, కొన్న మంచం తాలూకు వారంటీ వివరాలు కావచ్చు. కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదట ఎవరు రావాలో తేల్చుకోండి

ఫర్నిచర్‌లో మళ్ళీ రావడం రెండు రకాలు. ఇంకా కొనని మనిషి ఆ ఒక్క సోఫా కోసమే పదిసార్లు రావడం ఒకటి. కొనేసిన మనిషి కొన్ని నెలలకో, ఏళ్ళకో ఇంకో వస్తువు కోసం రావడం రెండోది. ఈ ఇద్దరికీ కావలసినవి వేరు. మొదటాయనకి తేల్చుకోవడంలో సాయం కావాలి, రెండో ఆయనకి మన మీద నమ్మకం చెదరకుండా ఉండాలి. చాలా సైట్లు ఇద్దరికీ ఒకటే మెయిల్ పంపిస్తాయి, అదీ "ఈ వారం భారీ తగ్గింపు" అని. నిన్న పూర్తి ధరకి కొన్నాయన ఆ మెయిల్ చూస్తే ఏమనుకుంటాడో నేను చెప్పక్కర్లేదు.

రెండో రకం గురించి "సోఫా పదేళ్ళకోసారి కొంటారు, మళ్ళీ ఎందుకొస్తారు" అని కొట్టిపారేస్తుంటారు. వేఫెయిర్ లాంటి పెద్ద ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ తన ఫలితాల్లో చెప్పే లెక్క చూడండి: ఈ మధ్య సంవత్సరాల్లో దానికొచ్చే ఆర్డర్లలో నాలుగింట మూడొంతులకి పైగా పాత కస్టమర్లవే. వాళ్ళేమీ సోఫా మీద సోఫా కొనడం లేదు. దీపాలు, తివాచీలు, దిండు గలీబులు, చెప్పుల స్టాండు, పిల్లలు పెద్దవగానే చదువుకునే బల్ల. సోఫా ఒక్కటే అమ్మే సైటు అయితే ఈ దారి ఇరుకే, ఒప్పుకుంటాను, కానీ సోఫా అమ్మేవాళ్ళు సోఫా కవర్లు, కాళ్ళ కింద వేసే ఫెల్ట్ బిళ్ళలు కూడా అమ్మొచ్చు కదా.

లిస్టు పోకూడదు, ఇది అన్నిటికంటే ముఖ్యం

ఒక కస్టమర్ ఫోన్ చేసి కోప్పడ్డారు ఒకసారి. "రెండు గంటలు కూర్చుని తొమ్మిది వస్తువులు దాచుకున్నాను, ఇవాళ చూస్తే ఒక్కటీ లేదు" అని. మాకు మొదట అర్థం కాలేదు, మా దగ్గర తెరిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ లాగిన్ అవకుండా ఐఫోన్లో గుండె గుర్తు నొక్కుతూ వెళ్ళారు, మేం దాన్ని బ్రౌజర్లోనే దాచాం. ఐఫోన్లో ఉండే సఫారీ బ్రౌజరేమో 2019 నుంచి పేజీలోని జావాస్క్రిప్ట్ (పేజీలోపల నడిచే ప్రోగ్రాం) పెట్టే కుకీలని, అంటే మనిషిని గుర్తుపట్టడానికి సైటు బ్రౌజర్లో దాచే చిన్న చీటీలని, 7 రోజులకి మించి ఉంచడం లేదు. 2020లో ఇంకో అడుగు ముందుకేసి, సఫారీ వాడుతూ ఒక సైటుని 7 రోజులు ముట్టుకోకపోతే లోకల్ స్టోరేజ్‌లో (సైటు బ్రౌజర్లోనే దాచుకునే ఇంకో చోటు) ఉన్నదాన్ని కూడా తుడిచేయడం మొదలుపెట్టింది. సబ్బులు అమ్మే సైటుకి 7 రోజులు చాలు. ఫర్నిచర్ కొనేవాళ్ళు వారం తర్వాతే కదా తీరిగ్గా మళ్ళీ చూసేది! అంటే సరిగ్గా మనకి కావలసిన మనిషి, మనకి కావలసిన రోజున తిరిగొచ్చి ఖాళీ పేజీ చూస్తున్నారన్నమాట.

దీనికి మందు పెద్ద కష్టమైనదేం కాదు. లిస్టుని మీ సర్వర్‌లో దాచండి, దాన్ని గుర్తుపట్టే కుకీని కూడా సర్వర్ నుంచే పెట్టించండి, దానికి మామూలుగా ఆ 7 రోజుల గడువు వర్తించదు. దాంతోపాటు "ఈ లిస్టుని నాకు పంపించు" అని ఒక బటన్ పెట్టండి, మెయిల్‌కో వాట్సాప్‌కో ఆ లిస్టు లింకు వెళ్ళిపోతుంది. లాగిన్ అడగొద్దు, పాస్‌వర్డ్ అసలే వద్దు. మొదటి వస్తువు దాచుకోగానే "ఖాతా తెరవండి" అని అడ్డుపడితే వాళ్ళు దాచుకోవడమే మానేసి స్క్రీన్‌షాట్ తీసుకుంటారు. స్క్రీన్‌షాట్ నుంచి మీ సైటుకి దారి లేదు.

ఆ లింకు వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. ఫర్నిచర్ ఒక్కరు కొనే వస్తువు కాదు, కనీసం ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు చూస్తారు, ఇంకొకరికి పంపిస్తారు, ఆ రెండోవాళ్ళే ఒక్కోసారి అసలు మాట చెప్పేవాళ్ళు. కాబట్టి మీ లింకుని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని చూడండి. ఫొటో వస్తోందా? పేరు, వెడల్పు కనిపిస్తున్నాయా? లేక మీ కంపెనీ లోగో ఒక్కటే వస్తోందా? మేం చూసుకున్నప్పుడు లోగోనే వచ్చింది. ఏ సోఫా పంపించినా అదే లోగో. పేజీలోని ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (లింకు పంపితే ఏ ఫొటో, ఏ పేరు కనబడాలో చెప్పేవి) సరిచేస్తే అయిపోయింది, డెవలపర్‌కి ఒక పూట పని.

వీలైతే లిస్టుని గదుల వారీగా పెట్టుకోనివ్వండి. హాలు, పడకగది, పిల్లల గది. ఇంకా వీలైతే ప్రతి వస్తువు పక్కన చిన్న నోటు రాసుకునే చోటు ఇవ్వండి, "అమ్మకి ఎత్తు తక్కువవుతుందేమో", "ఇది నచ్చింది కానీ కాళ్ళు ఇనుపవి" లాంటివి. అలా రాసుకున్న మనిషి ఆ ఆలోచనంతా ఇంకో సైటులో మొదటినుంచీ మొదలుపెట్టరు.

కొలతలు కొలిపించండి

కొనకుండా ఆగిపోవడానికి ధర ఒక కారణమైతే, "పడుతుందో లేదో" అన్న అనుమానం ఇంకోటి. మన పేజీల్లో వెడల్పు, లోతు, ఎత్తు మూడు అంకెలు వేసి చేతులు దులుపుకుంటాం. మనిషికి కావలసింది అది తన గుమ్మంలోంచి లోపలికి వెళ్తుందా, మెట్ల మలుపు దగ్గర తిరుగుతుందా, లిఫ్టులో నిలబడుతుందా అన్నది. కాబట్టి పెద్ద వస్తువులకి ప్యాకింగ్‌తో కలిపి కొలతలు రాయండి, కాళ్ళు ఊడతాయో లేదో రాయండి, ఊడితే ఎత్తు ఎంత తగ్గుతుందో కూడా రాయండి. పక్కన "మీ గుమ్మం వెడల్పు ఎంత?" అని ఒక చిన్న గడి పెట్టి, వాళ్ళు అంకె వేయగానే పడుతుందో లేదో చెప్పి, ఆ అంకెని దాచి ఉంచండి. ఒకసారి గుమ్మం కొలిచి ఇచ్చిన మనిషికి తర్వాత చూసే ప్రతి సోఫా పేజీ దానంతటదే జవాబు చెబుతుంది. ఇంకో సైటుకి వెళ్తే మళ్ళీ టేపు వెతుక్కోవాలి.

కొలిచేటప్పుడు పనికొచ్చే అంకెలు కొన్ని ఒకే పేజీలో పెట్టండి, జనం ఆ పేజీని దాచుకుంటారు. భోజనాల బల్ల ఎత్తు సాధారణంగా 75 సెం.మీ. దగ్గర ఉంటుంది, కుర్చీ కూర్చునే ఎత్తు 45 సెం.మీ. దగ్గర, రెండింటికీ తేడా 25 నుంచి 30 సెం.మీ. ఉంటే మోకాళ్ళకి చోటుంటుంది. బల్ల అంచున ఒక్కొక్కరికి 60 సెం.మీ. కావాలి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 40 నుంచి 45, మనిషి నడిచే దారికి 75, ఇద్దరు ఎదురుపడేచోట 90 లేదా ఇంకొంచెం ఎక్కువ. ఇవి మీకు కొట్టినపిండి కాబట్టి అందరికీ తెలుసనుకుంటారు. తెలియదు. తెలియకే కుర్చీ ఒకచోట, బల్ల ఒకచోట కొనుక్కుని తర్వాత బాధపడతారు.

వస్తువుని గదిలో పెట్టి ఫోన్ కెమెరాలో చూపించే ఏఆర్ గురించి అందరూ అడుగుతారు. ఐకియా 2017లోనే దీనికోసం ఒక యాప్ తెచ్చింది. ఇప్పుడు యాప్ కూడా అక్కర్లేదు, ఐఫోన్లకి యూఎస్‌డీజెడ్, ఆండ్రాయిడ్‌కి జీఎల్‌బీ అనే రకం 3డీ ఫైళ్ళు ఉంటే బ్రౌజర్ నుంచే తెరుచుకుంటుంది. నా మాట వింటే ముందు మీ దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే పెద్ద వస్తువులు ఒక పదిహేనుకి చేయించండి చాలు, స్టూళ్ళకీ గోడ అరలకీ డబ్బు పోయొద్దు. కొలత మాత్రం సెంటీమీటరు తేడా రాకూడదు. గదిలో చిన్నదిగా కనబడి తీరా వచ్చాక గుమ్మాన్ని కప్పేసే బీరువా కంటే అసలు ఏఆర్ లేకపోవడమే నయం. 3డీకి బడ్జెట్ లేదంటారా, పాత న్యూస్‌పేపర్లు సోఫా కొలతకి నేల మీద పరిచి చూసుకోమని చెప్పండి. నవ్వులాటగా అనిపిస్తుంది కానీ పేపర్లు పరిచినవాళ్ళు ఫొటో తీసి మాకు పంపించి మరీ "ఇది చాలా పెద్దదా?" అని అడిగేవాళ్ళు. అలా అడిగారంటే సగం కొన్నట్టే.

గుడ్డ ముక్క పంపించండి

మీరు సోఫాలు అమ్ముతుంటే మిమ్మల్ని అన్నిటికంటే గట్టిగా గుర్తుచేసేది ఇదే. మెయిల్ చదివి మర్చిపోతారు, ప్రకటన చూసి తోసేస్తారు, గుడ్డ ముక్క మాత్రం టీవీ పక్కన వారాల తరబడి పడుంటుంది, ఇంటికొచ్చినవాళ్ళందరూ దాన్ని ఒకసారి వేళ్ళతో రుద్ది ఏదో ఒక అభిప్రాయం చెప్పి పోతుంటారు. ఫోన్ తెరమీద బూడిద రంగు ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటుంది, ఇంట్లో కూడా పగటి వెలుతురులో ఒకలా, రాత్రి పసుపు వెలుగు బల్బు కింద ఇంకోలా కనిపిస్తుంది. అందుకని ముక్కతో పాటు "పగలొకసారి, దీపం వేశాక ఒకసారి చూడండి, గోడకి ఆనించి చూడండి" అని ఒక చీటీ పెట్టండి.

ముక్క వెనకాల క్యూఆర్ కోడ్ అంటించండి. ఆ కోడ్ మీ హోమ్‌పేజీకి వెళ్తే దండగ, ఆ గుడ్డలో దొరికే సోఫాలు, కుర్చీలు, మంచం తలాపులు అన్నీ కనిపించే పేజీకి వెళ్ళాలి, ఆ మనిషి ముందే దాచుకున్న లిస్టు ఉంటే అందులోని సోఫా మొట్టమొదట కనబడాలి. గుడ్డ గురించి రెండు ముక్కలు సూటిగా రాయండి: ఉతకొచ్చా, తడి గుడ్డతో తుడిస్తే మరక పోతుందా, పిల్లి గోకితే దారాలు లేస్తాయా. మార్టిండేల్ అనే రాపిడి పరీక్ష అంకె మీ సరఫరాదారు దగ్గర ఉంటుంది, అడిగి వేయండి. ఇళ్ళలో రోజూ వాడే సోఫాకి 15,000 నుంచి 25,000 రుద్దుళ్ళు తట్టుకునే గుడ్డ సరిపోతుందని ఈ వ్యాపారంలో అనుకునే లెక్క. ఇంత చెప్పే సైట్లు తక్కువ కాబట్టి, చెప్పినవాళ్ళ దగ్గరికే మళ్ళీ వచ్చి అడుగుతారు.

ముక్కకి డబ్బు తీసుకోవాలా అంటే, నామమాత్రంగా తీసుకుని సోఫా కొన్నప్పుడు తగ్గించడం నాకు నచ్చిన పద్ధతి. పూర్తిగా ఉచితమంటే కుట్టుపని చేసుకునేవాళ్ళు ముప్పై రంగులు తెప్పించుకుంటారు, మాకు జరిగింది.

దొంగ గడియారాలు తీసేయండి

"ఇంకా 2 గంటలే!" అని తిరిగే గడియారం మనిషి ఒక్కసారే వచ్చి పోయే సైటులో పని చేస్తుందేమో నాకు తెలియదు గానీ, ఫర్నిచర్ సైటులో అది మీ పరువు మీరే తీసుకోవడం. ఆ మనిషి అదే పేజీకి ఆరుసార్లు వస్తాడు. ఆరుసార్లూ ఇంకా రెండు గంటలే ఉంటుంది! "ఒక్కటే మిగిలింది" కూడా అంతే, నెల తర్వాత కూడా ఆ ఒక్కటి అలాగే మిగిలి ఉంటే మీరు రాసిన వారంటీని ఆయన ఏ లెక్కన నమ్మాలి? నిజంగా ఆఖరిది ఉంటే రాయండి, నిజంగా తగ్గింపు ముగిసే తేదీ ఉంటే తేదీ రాయండి, ఆ తేదీ దాటాక తగ్గింపు తీసేయండి. బాధగా ఉన్నా తీసేయండి. తర్వాతిసారి తేదీ వేస్తే నమ్ముతారు.

స్టాకు అయిపోయిన వస్తువు పేజీని కూడా చంపొద్దు. ఎవరి లిస్టులోనో, ఎవరి వాట్సాప్‌లోనో ఆ లింకు ఉంది, నొక్కితే "పేజీ దొరకలేదు" అని వస్తే ఆ మనిషి కథ అక్కడితో అయిపోయినట్టే. పేజీ ఉంచి, మళ్ళీ ఎప్పుడొస్తుందో రాసి, "వచ్చాక చెప్పండి" బటన్ పెట్టండి. ఇక ఎప్పటికీ రాదంటే అదే వెడల్పు, అదే రంగుకి దగ్గరగా ఉన్న రెండో మూడో చూపించండి. ఇరవై చూపిస్తే మళ్ళీ మొదటికొచ్చినట్టే. అన్నట్టు, "చెప్పండి" అని నొక్కినవాళ్ళకి నిజంగా చెప్పండి. ఆ బటన్ పెట్టి, వెనకాల ఆ మెయిల్ వెళ్ళే ఏర్పాటు చేయడం మర్చిపోయిన సైట్లని నేను కళ్ళారా చూశాను.

గుర్తుచేయడం, విసిగించకుండా

ఆన్‌లైన్ దుకాణాల్లో కార్టులో వేసి వదిలేసేవాళ్ళు సగటున 70 శాతం దాకా ఉంటారని ఆన్‌లైన్ దుకాణాల మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ చాలా అధ్యయనాలు కలిపి లెక్కగట్టింది. అందుకని కార్టు వదిలేసిన గంటకి ఒక మెయిల్, రోజుకి ఒకటి, మూడో రోజు కూపన్ అన్నది అందరూ పాటించే వరస. బట్టలకి సరే. సోఫా కార్టులో వేసినవాళ్ళలో చాలామంది డెలివరీ ఖర్చు ఎంతో చూడ్డానికి వేసినవాళ్ళు, గంటకే మెయిల్ వస్తే చెవిలో జోరీగలా ఉంటుంది. నేనైతే మరుసటి రోజు ఒకటి, వారానికి ఒకటి, మూడు వారాలకి ఒకటి పంపిస్తాను. మూడింటిలోనూ కొత్త విషయం ఉండాలి, "మీ కార్టు మిమ్మల్ని మిస్ అవుతోంది" లాంటి ముద్దుమాటలు వద్దు. ఇలా ఉంటే చాలు:

"మీరు దాచుకున్న మూడు సీట్ల బూడిద రంగు సోఫా వెడల్పు 210 సెం.మీ. ప్యాకింగ్‌తో లోపలికి రావాలంటే గుమ్మం కనీసం 80 సెం.మీ. ఉండాలి. గుడ్డ ముక్క కావాలంటే ఈ మెయిల్‌కి మీ చిరునామా రాసి పంపండి, మీ లిస్టు ఇక్కడ ఉంది."

ఇంతే. తగ్గింపు లేదు, ఆశ్చర్యార్థకాలు లేవు. జవాబు రాయగలిగే మెయిల్ అయ్యుండాలి, జవాబిచ్చే మనిషి అవతల ఉండాలి.

సాంకేతికంగా రెండు జాగ్రత్తలు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున మెయిళ్ళు పంపేవాళ్ళకి మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువుచేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లు మూడూ ఉండాలని, ఒక్క నొక్కుతో ఆపేసుకునే వీలు ఇవ్వాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదని పట్టుబడుతున్నాయి. అంటే విసిగిస్తే పోయేది ఒక్క కస్టమర్ కాదు, మీ డెలివరీ తేదీ మెయిళ్ళు కూడా స్పామ్‌లో పడతాయి. రెండోది, 2021 సెప్టెంబరు నుంచి ఆపిల్ మెయిల్ యాప్ మెయిల్‌లోని బొమ్మలని ముందే తనే తెరిచేస్తోంది కాబట్టి "ఎంతమంది తెరిచారు" అన్న అంకె నమ్మొద్దు, లింకు నొక్కినవాళ్ళని లెక్కపెట్టండి. వాట్సాప్ అయితే ముందుగా ఒప్పుకున్నవాళ్ళకే పంపాలి, అదీ డెలివరీ, స్టాకు కబుర్లకే ఉంచుకోండి.

ఇక ఊరంతా వెంటపడి తిరిగే ప్రకటనలు. మంచం కొని, బిగించుకుని, దాని మీదే పడుకుని ఫోన్ చూస్తుంటే అదే మంచం ప్రకటన వస్తుంది, అదీ తక్కువ ధరకి. ఇంతకంటే దారుణం ఇంకోటి ఉండదు. కొన్నవాళ్ళ జాబితాని ప్రకటనల నుంచి రోజూ తీసేసే ఏర్పాటు మొదటిరోజే చేసుకోండి, ఒక మనిషికి వారంలో ఎన్నిసార్లు కనబడాలో హద్దు పెట్టండి.

కొన్నాక అసలు స్నేహం మొదలు

డెలివరీ ఆలస్యమైతే వాళ్ళు అడక్కముందే చెప్పండి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, ఇది చేయకపోతే కింద రాసినదంతా వృథా.

బిగించుకునే వస్తువులైతే పెట్టె మీద క్యూఆర్ కోడ్ వేసి, ఆ వస్తువు వీడియో ఉన్న పేజీకి తీసుకెళ్ళండి. ఐకియా ఎఫెక్ట్ అని ఒకటుంది, 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచాన్, డాన్ ఆరియెలీ ప్రచురించిన పరిశోధన. మనిషి తన చేత్తో బిగించుకున్న వస్తువుకి ఎక్కువ విలువ ఇస్తాడని అందరూ చెప్పుకుంటారు గానీ అందులోనే ఉన్న రెండో సగం ఎవరూ చెప్పరు: పని పూర్తయితేనే ఆ ముచ్చట, సగంలో ఆగిపోతే లేదు. అంటే ఒక్క స్క్రూ తక్కువైతే చాలు, ప్రేమ కాస్తా కోపమైపోతుంది. కాబట్టి అదే పేజీలో "స్క్రూ తక్కువైంది" బటన్ పెట్టి, ఏది తక్కువైందో బొమ్మ మీద నొక్కనిచ్చి, ప్రశ్నలు వేయకుండా పంపేయండి. ఒక పొట్లం స్క్రూలకి అయ్యే ఖర్చెంత?

ప్రతి కొనుగోలుకీ ఒక పేజీ ఉంచండి, "మీ ఫర్నిచర్" అని. బిల్లు, వారంటీ తేదీ, పాలిష్ రంగు పేరు, గుడ్డ కోడ్, విడిభాగాలు అన్నీ అక్కడే ఉండాలి. రెండేళ్ళ తర్వాత కుర్చీ కాలు ఊగితేనో, అదే రంగులో ఇంకో రెండు కుర్చీలు కావాలంటేనో ఆ పేజీకి రావలసిందే. మీరు కూడా అప్పుడప్పుడు పలకరించొచ్చు, ఆ వస్తువుకి పనికొచ్చే మాట ఉన్నప్పుడు మాత్రమే. నెల తర్వాత "మంచం బోల్టులు ఒకసారి బిగించుకోండి, చెక్క సర్దుకునేసరికి కొంచెం వదులవుతాయి" అని ఒకటి. పరుపు కొన్నవాళ్ళకి మూడు నాలుగు నెలలకి "తల వైపుని కాళ్ళ వైపుకి తిప్పండి" అని. నూనె పట్టించిన చెక్కకి 6 నుంచి 12 నెలల మధ్యలో మళ్ళీ నూనె పట్టించాలి, లక్కర్ పాలిష్ వేసినదానికి అక్కర్లేదు, ఆ తేడా చూసుకుని పంపండి. పొడవాటి బీరువా కొన్నవాళ్ళ ఇంట్లో చిన్నపిల్లలు ఉండొచ్చు కాబట్టి గోడకి బిగించారా అని డెలివరీ అయిన వారంలోనే అడగండి. చివర్లో నూనె సీసా లింకు ఉంటే ఎవరూ తప్పుపట్టరు, అసలు విషయం చెప్పాక ఉంటేనే.

ఒక డిజైన్ ఆపేస్తుంటే అది కొన్నవాళ్ళకి ముందే చెప్పండి. "మీ డైనింగ్ సెట్ వరస ఇక చేయడం లేదు, ఇంకా కుర్చీలు కావాలంటే ఈ నెలాఖరులోపు" అన్న మెయిల్ మేం పంపిన మెయిళ్ళన్నిటిలో మంచి పేరు తెచ్చినది. కొన్నది తక్కువమందే, థాంక్స్ చెప్పినవాళ్ళు మాత్రం చాలామంది.

పాయింట్ల పథకాలు పెట్టాలా అని అడుగుతారు. 2006లో నూన్స్, డ్రేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కార్ వాష్ దగ్గర కార్డులు పంచారు. సగంమందికి 8 ముద్రలు కావలసిన కార్డు, మిగతా సగానికి 10 ముద్రల కార్డు, అందులో 2 ముందే వేసినవి. రెండింట్లోనూ ఇంకా వేయించుకోవలసినవి 8 ముద్రలే అయినా, మొదటివాళ్ళలో 19 శాతం, రెండోవాళ్ళలో 34 శాతం పూర్తిచేశారు. ఇది చదివి ఫర్నిచర్ సైటులో కూడా పాయింట్లు పెట్టేస్తారు, ఏడాదికి గడువు తీరిపోయేలా. కారు వారం వారం కడుగుతారు, సోఫా కొనరు. పాయింట్లు పెట్టేలా ఉంటే గడువు తీసేయండి, లేదా మానేసి ఆ డబ్బుతో ఇంటికొచ్చి బోల్టులు బిగించే సేవ పెట్టండి. మొదటి అడుగు మనమే వేసి ఇవ్వడం మాత్రం ఇంకోచోట పనికొస్తుంది: మంచం కొన్నవాళ్ళ పడకగది లిస్టులో మంచం ముందే చేరిపోయి ఉంటే, పక్కబల్ల, దీపం ఖాళీ గడులు వాళ్ళకే కనిపిస్తాయి.

సైటు తెరుచుకోవాలి కూడా

ఫర్నిచర్ సైట్లలో పెద్ద ఫొటోలు తప్పవు, అవే మెల్లగా చేస్తాయి. పేజీలో ప్రధానమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ పెట్టిన కొలత, దాన్ని పాత ఫోన్లో, మామూలు నెట్ మీద చూసుకోండి, ఆఫీసు వైఫై మీద కాదు. వడపోతలు (ఫిల్టర్లు) పెట్టుకుని ఒక సోఫా తెరిచి, వెనక్కి వస్తే మళ్ళీ మొదటి పేజీకి పోతోందా? ఇది సరిచేయడం కొత్త హోమ్‌పేజీ డిజైన్ కంటే ముందు చేయవలసిన పని.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

సైటుకి వచ్చేవాళ్ళని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4లో యూజర్ల వివరాలు దాచే గడువు మీరేం మార్చకపోతే 2 నెలలే ఉంటుంది. రెండున్నర నెలలు ఆలోచించి కొన్న మనిషి మొదటి రాక మీ విశ్లేషణలో కనబడదు. సెట్టింగుల్లో దాన్ని 14 నెలలకి మార్చండి, ఇప్పుడే మార్చండి, ఎందుకంటే పాతది వెనక్కి రాదు. తర్వాత నెలనెలా మూడే చూడండి: మొదటిసారి వచ్చినప్పటి నుంచి కొనేదాకా ఎన్ని రోజులు పడుతోంది, దాచుకున్న లిస్టు లింకు నుంచి ఎంతమంది తిరిగొస్తున్నారు, గుడ్డ ముక్క మీది కోడ్‌ని ఎంతమంది స్కాన్ చేస్తున్నారు. "తిరిగొచ్చిన యూజర్లు" అన్న మొత్తం అంకె చూసి సంబరపడొద్దు, అందులో డెలివరీ ఎక్కడుందో చూసుకోవడానికి కంగారుగా వచ్చినవాళ్ళు కూడా ఉంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒక ఐఫోన్ తీసుకుని, లాగిన్ అవకుండా మీ సైటులో ఐదు వస్తువులు దాచండి. మిగతా సైట్లు మామూలుగా చూసుకుంటూ మీ సైటు మాత్రం ఎనిమిది రోజులు తెరవకండి. తొమ్మిదో రోజు తెరిచి ఆ ఐదూ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే కూపన్లన్నీ పక్కన పెట్టి ముందు డెవలపర్‌కి ఫోన్ చేయండి.